పీకడం ఉచితం, నిలబెట్టడం ఖరీదు: పంటి క్యాప్ గురించి కొన్ని కఠిన సత్యాలు

ఈ వ్యాసం చదవడానికి ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మీ నాలుకతో కింది దవడ వెనుక భాగాన్ని, తర్వాత పై దవడను నెమ్మదిగా తడిమి చూడండి. జ్ఞానదంతాలను లెక్కలోంచి తీసివేసినా పెద్దవారి నోట్లో 28 పళ్లు ఉండాలి. మీకు ఎన్ని ఖాళీలు తగిలాయి? ఆ ఖాళీలలో ఎన్ని, ఆ పన్నును కాపాడడం వైద్యానికి సాధ్యం కాక ఏర్పడినవి? ఎన్ని, కాపాడించుకొనే స్తోమత మీకు లేక, లేదా కాపాడవచ్చునని మీకు ఎవరూ చెప్పక ఏర్పడినవి?

జనగామ సంతలో, మహబూబాబాద్ మిర్చి కల్లాలలో, భూపాలపల్లి బొగ్గు గనుల చుట్టుపక్కల పల్లెలలో నలభై దాటిన వారిని ఇదే ప్రశ్న అడగండి. చాలామంది నవ్వి, "పుచ్చిపోయింది సార్, పీకించిన" అంటారు. ఆ మాట వారు ఎంత తేలికగా అంటారో మనమూ అంతే తేలికగా వింటాము. పన్ను పోవడం వయసుతో పాటు వచ్చే సహజ పరిణామమని మనందరమూ ఒప్పేసుకున్నాము. నేను ఒప్పుకోను. ఆ పళ్లలో ఎన్నో బతకవలసినవి. వాటిని చంపింది పుచ్చు ఒక్కటే కాదు. పన్ను పీకడాన్ని ఉచితంగా ఇచ్చి, నిలబెట్టడాన్ని సరుకుగా అమ్మే మన వైద్య వ్యవస్థ కూడా అందులో భాగస్వామియే.

ఈ అన్యాయానికి రెండు ముఖాలున్నాయి. క్యాప్ నిజంగా అవసరమైన పేదవాడి పంటికి అది దొరకదు. అవసరం లేని యువకుడి ఆరోగ్యమైన పంటికి దానిని ఒప్పించి మరీ తొడుగుతారు. రెండింటి గురించీ చెప్పవలసి ఉంది.

క్యాప్ చేసే పని ఏమిటి?

పన్నును మూడు పొరలుగా ఊహించుకోండి. వెలుపల ఎనామిల్, మన శరీరంలో దానికంటే గట్టి పదార్థం మరొకటి లేదు. దాని కింద డెంటిన్. లోపల రక్తనాళాలు, నరాలు ఉండే దంతమజ్జ. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్ మాత్రం ఒకసారి పోతే మళ్లీ పుట్టదు. దానిని తయారు చేసిన కణాలు, పన్ను నోట్లోకి మొలిచేసరికే అంతరించిపోతాయి.

పుచ్చు చిన్నదైతే ఫిల్లింగ్ చాలు. పుచ్చు పెరిగి పంటి గోడలు పలచబడినప్పుడు ఫిల్లింగ్ ఖాళీని పూడ్చగలదే కాని, ఆ గోడలను పట్టి ఉంచలేదు. అప్పటిదాకా నెలల తరబడి నిలిచిన పన్ను సంక్రాంతికి ఒక సకినం కొరికినప్పుడో, దావత్‌లో మూలుగబొక్క కొరికినప్పుడో హఠాత్తుగా విరుగుతుంది. చాలామంది సకినాన్ని నిందిస్తారు. సకినం నేరమేమీ లేదు. గోడలు అప్పటికే డొల్లబారి ఉన్నాయి.

ఎడ్లబండి చక్రాన్ని తలచుకోండి. కర్ర ముక్కలన్నిటినీ బిగించి ఉంచేది చుట్టూ తొడిగిన ఇనుప పట్టా. బరువు ఏ ముక్క మీద పడినా పట్టా దానిని చక్రమంతటికీ పంచుతుంది. దెబ్బతిన్న పంటికి క్యాప్ చేసే పని సరిగ్గా ఇదే. పంటిని చుట్టూ సుమారు 1 నుండి 1.5 మిల్లీమీటర్లు, పైన 1.5 నుండి 2 మిల్లీమీటర్ల వరకు అరగదీసి, అచ్చు తీసుకొని ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ తయారైన తొడుగును తెచ్చి సిమెంటుతో అతికిస్తారు. ఈ పనికి సాధారణంగా రెండు సార్లు వెళ్లవలసి ఉంటుంది. నిఖార్సయిన లోహపు క్యాప్‌కైతే ఇంతకంటే తక్కువ అరగదీసినా సరిపోతుంది.

మధ్యలో ఆగిపోయిన చికిత్స

క్యాప్ అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఎవరికి? రూట్ కెనాల్ చేయించుకున్న దవడ పళ్లకు. రూట్ కెనాల్‌తో పన్ను ఎండిపోయి పెళుసుబారుతుందని చాలామంది చెబుతారు. అసలు కారణం అది కాదు. పంటి గోడలు పోవడమే కారణం. 1989లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగశాల అధ్యయనం ప్రకారం, రూట్ కెనాల్ కోసం చేసే రంధ్రం ఒక్కటే పంటి బిగువును సుమారు 5 శాతం తగ్గిస్తుంది. పుచ్చు వల్ల పంటికి ఇరుపక్కల ఉండే అంచు గోడలు రెండూ పోతే 60 శాతానికి పైగా తగ్గిపోతుంది. రూట్ కెనాల్ దాకా వచ్చిన దవడ పళ్లలో చాలావాటికి ఆ గోడలు అప్పటికే పోయి ఉంటాయి. 2002లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, రూట్ కెనాల్ తర్వాత క్యాప్ వేయని పళ్లు, వేసిన పళ్లతో పోలిస్తే ఆరు రెట్ల వేగంతో ఊడిపోయాయని తేలింది.

ఇప్పుడు మన వైపు చూడండి. భూపాలపల్లి దగ్గరి పల్లెలో ఒక పత్తి కూలీని ఊహించుకోండి. దవడ వాచి, రెండు రాత్రులు నిద్రలేక, అప్పు చేసి హనుమకొండకో వరంగల్‌కో బస్సెక్కి వెళ్లింది. భూపాలపల్లికి రైలు లేదు. రూట్ కెనాల్‌కు రెండు మూడు సార్లు తిరిగింది. నొప్పి పోయింది. "ఇక క్యాప్ వేయించుకోవాలమ్మా" అని డాక్టరు చెప్పారు. క్యాప్‌కు మరి కొన్ని వేలు, మరి రెండు ప్రయాణాలు, మరి రెండు రోజుల కూలి నష్టం. నొప్పి లేదు కదా, పత్తి అమ్మినాక చూద్దాంలే అనుకుంది. ఏడాదికో రెండేళ్లకో పన్ను నిలువునా చీలింది. చీలిక వేరు దాకా దిగితే ఆ పన్నును కాపాడడం ఎవరి తరమూ కాదు. చివరికి పీకించుకుంది. రూట్ కెనాల్‌కు పోసిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఆమెది నిర్లక్ష్యమని అనకండి. ఆమె అడిగిన ప్రశ్నకు, అంటే నొప్పికి, జవాబు దొరికింది. చికిత్స సగమే అయిందని, క్యాప్ అలంకారం కాదని, అది రూట్ కెనాల్‌లో చివరి మెట్టని ఆమెకు మొదటి రోజునే చెప్పవలసింది. మొత్తం ఖర్చు, మొత్తం ప్రయాణాలు ముందే ఒక కాగితం మీద రాసి ఇవ్వవలసింది. ఈ తప్పులో మా సాధారణ వైద్యులకూ వాటా ఉంది. పంటి నొప్పితో వచ్చిన వారికి నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్ రాసి పంపడమే వైద్యమని మాలో ఎంతోమందిమి ఏళ్ల తరబడి భావించాము. యాంటీబయాటిక్‌తో వాపు తగ్గవచ్చు, పుచ్చు మానదు.

"పన్ను పోతే ప్రాణం పోతుందా?"

ఈ మాట నేను అధికారుల నోటా విన్నాను, రోగుల నోటా విన్నాను. ప్రాణం పోదు. పోయేదేమిటో చెబుతాను. ఒక దవడ పన్ను పోగానే దాని పక్క పన్ను ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదుటి దవడ పన్ను ఖాళీ వైపు సాగుతుంది. ఒరిగిన పళ్ల మధ్య అన్నం ఇరుక్కొని చిగుళ్లు చెడుతాయి, మరో పన్ను పుచ్చుతుంది. నోరు ఒకవైపే నమలడం అలవాటు చేసుకుంటుంది. కొన్నేళ్లకు జొన్నరొట్టె, పల్లీలు, మక్క కంకి, పచ్చి కూరగాయల వంటివన్నీ పళ్లెంలోంచి ఒక్కొక్కటే తప్పుకుంటాయి. మెత్తని అన్నం, చారు మిగులుతాయి. మధుమేహం ఉన్నవాడిని జొన్నరొట్టె తినమని మేము చీటీ మీద రాస్తాము. దానిని నమిలే పళ్లు ఉన్నాయో లేవో మాలో ఎందరు చూస్తారు?

పళ్లున్ననాడు శనగలు లేవు, శనగలున్ననాడు పళ్లు లేవు అని మన పెద్దలు విధిని తలచుకొని నవ్వుకున్నారు. నేటి పరిస్థితి విధి రాత కాదు. పన్నును కాపాడే విద్య ఉన్నది, సామగ్రి ఉన్నది, మనుషులూ ఉన్నారు. వారిని, రోగిని ఒకచోట చేర్చే ఏర్పాటు మాత్రమే లేదు.

నాణేనికి రెండో వైపు

ఇంతవరకు చదివి, "డాక్టరు గారు క్యాప్‌ల వ్యాపారానికి వత్తాసు పలుకుతున్నారు" అని మీరు అనుకోవచ్చు. ఆ వ్యాపారం గురించి కూడా ఇప్పుడు చెబుతాను.

నల్లగొండను ఆనుకొని ఉన్న జనగామ ప్రాంతంలో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న గ్రామాలున్నాయి. అక్కడ చిన్నతనం గడిపిన వారికి పళ్ల మీద తెల్లని సుద్ద మచ్చలో, గోధుమరంగు చారలో ఉంటాయి. వీటిలో చాలా పళ్లు చూపుకు బాగా లేకపోయినా పనికి దృఢమైనవే. పెళ్లి కుదరగానే ఆ అమ్మాయినో అబ్బాయినో కూర్చోబెట్టి, ముందరి పళ్లన్నిటినీ అరగదీసి తెల్లని క్యాప్‌లు వేయడాన్ని "స్మైల్" ప్యాకేజీగా అమ్మే చోట్లున్నాయి.

అరగదీయడం అంటే ఎంత? పింగాణీ క్యాప్ కోసం పన్నును సిద్ధం చేసేటప్పుడు, పైకి కనిపించే పంటి భాగంలో 63 నుండి 72 శాతం పదార్థం పోతుందని 2002లో ప్రచురితమైన ఒక కొలత చెబుతోంది. మూడింట రెండు వంతుల పన్ను! అప్పటికే పుచ్చి సగం పోయిన పంటి విషయంలో ఇది న్యాయమైన మూల్యం. ఆరోగ్యమైన పంటి విషయంలో ఇది వైద్యం పేరిట గాయం చేయడమే. 1998లో స్కాట్లాండ్ పరిశోధకులు, జీవం ఉండగానే క్యాప్ వేసిన పళ్లను ఎక్స్‌రేలలో పరిశీలించినప్పుడు వాటిలో 19 శాతం పళ్ల వేరు మొదట వ్యాధి లక్షణాలు కనిపించాయి. అంటే సుమారు ఐదింటిలో ఒకటి. ఇరవై రెండేళ్ల వధువుకు ఎనిమిది పళ్ల మీద ఈ పందెం కాయడం ఏ శాస్త్రం? మచ్చలకు బ్లీచింగ్, ఉపరితలాన్ని సన్నగా అరగదీసి మెరుగుపెట్టడం, పంటి రంగు కాంపోజిట్ పూత వంటి సున్నితమైన మార్గాలున్నాయి. మొదట వాటిని ప్రయత్నించాలి. క్యాప్ చిట్టచివరి మార్గం.

ఇక వారంటీ కార్డు. జిర్కోనియా క్యాప్‌కు పదేళ్లు, పదిహేనేళ్లు హామీ అని మెరిసే కార్డు ఒకటి చేతిలో పెడతారు. ఆ హామీ దేనికో శ్రద్ధగా చదవండి. అది తొడుగుకు, లోపలి పంటికి కాదు. జిర్కోనియా పుచ్చదు. అది పన్నును తాకే అంచు దగ్గర పన్ను పుచ్చుతుంది. మహబూబాబాద్ జిల్లావారికి బయ్యారం చెరువు గురించి చెప్పనక్కరలేదు. చెరువు కట్ట ఎంత బలమైనదైనా తూము దగ్గర ఊట మొదలైతే గండి పడుతుంది. క్యాప్ అంచు కూడా అలాంటిదే. అంచు పంటికి సరిగ్గా ఆనకపోయినా, మీరు అక్కడ బ్రష్ చేయకపోయినా, గుట్కా, అంబర్, తంబాకు ఆ మూలన నిలువ చేసినా ఏ హామీ కార్డూ పన్నును కాపాడదు.

ధర ఎక్కువైన కొద్దీ చికిత్స మంచిదన్న భ్రమ కూడా వదలండి. ముందరి పళ్లకు రంగు ముఖ్యం కనుక పింగాణీ, జిర్కోనియా అర్థవంతమే. వెనుక దవడ పన్నును చూసేది దంతవైద్యుడు, మీరు కొరికే మక్క కంకి తప్ప మరెవరూ కాదు. అక్కడ మెటల్ క్యాప్ తక్కువ ఖర్చుతో, పన్నును తక్కువగా అరగదీసి, చక్కగా పని చేస్తుంది. గాజులు, గిల్టు నగలు తగిలితే చర్మం దురద పెట్టేవారు మాత్రం ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కొన్ని మెటల్ క్యాప్‌లలో నికెల్ ఉంటుంది.

ఇంకా చౌక అని డిగ్రీ లేని వారి దగ్గరికి మాత్రం వెళ్లకండి. ప్లాస్టిక్ పిండిని నోట్లోనే గట్టిపరచి, పక్క పళ్లకు తీగతో కట్టి "ఫిక్స్‌డ్ పన్ను" అని పంపేవారు మన పట్టణాలలో ఇంకా ఉన్నారు. దాని కింద బ్రష్ చేరదు. చిగురు కుళ్లుతుంది, తీగ కట్టిన మంచి పళ్లు కూడా కదులుతాయి. ఒక పన్ను కోసం వెళ్లి మూడు పోగొట్టుకుంటారు.

ఎవరిని నిలదీయాలి?

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాలన ప్రజల ముంగిటికి వస్తుందన్నారు. వైద్య విద్య నిజంగానే వచ్చింది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒక తరం క్రితం ఊహకు అందని విషయమిది. సంతోషించాను, ఇప్పటికీ సంతోషిస్తున్నాను. కాని పంటికి క్యాప్ కావలసిన పేదవాడి దారి మారిందా? జనగామ వాసి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు రైలెక్కాలి. మహబూబాబాద్ వాసి ఖమ్మంలోని ప్రైవేటు దంత కళాశాల వైపో, వరంగల్ క్లినిక్‌ల వైపో చూడాలి. సింగరేణి ఉద్యోగికి కంపెనీ ఆస్పత్రి ఉంది. గనికి పక్క ఊరి పోడు రైతుకు ఏముంది?

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుండి ఎన్నో గుండెలకు, ఎందరో క్యాన్సర్ రోగులకు అండగా నిలిచింది. పంటి క్యాప్ కోసం మాత్రం పేదవాడు తన జేబునే తడుముకోవాలి. నోరు శరీరంలో భాగం కానట్టుగా సాగుతున్న ఈ లెక్క మన దేశానికే పరిమితం కాదు. ప్రపంచంలో సుమారు 350 కోట్ల మంది నోటి వ్యాధులతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది. అంతకుముందు 2021లోనే ప్రపంచ ఆరోగ్య సభ, నోటి ఆరోగ్యాన్ని అందరికీ అందే సాధారణ వైద్యంలో భాగం చేయాలని తీర్మానించింది. మన దేశంలో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014 నుండి ఉంది. తీర్మానాలకు కొదువ లేదు.

ఖర్చు సంగతి అడుగుతారు. జిర్కోనియా ఇవ్వమని నేను కోరడం లేదు. మూడు జిల్లా ఆస్పత్రులలో రూట్ కెనాల్ చేసే ఏర్పాటు, దానికి తోడు దవడ పళ్లకు మెటల్ క్యాప్, ఆ క్యాప్‌లు తయారు చేసేందుకు మూడింటికీ కలిపి ఒక ల్యాబ్, ఒకరిద్దరు దంత సాంకేతిక నిపుణులు. అచ్చులను వారానికి రెండు సార్లు ల్యాబ్‌కు చేర్చవచ్చు. ఇది పెద్ద భవనం కాదు, శంకుస్థాపన శిలాఫలకానికి తగినంత గొప్పది కాదు. బహుశా అందుకే ఎవరి కంటికీ ఆనలేదు.

పిల్లల విషయంలో ఖర్చు మరింత తక్కువ. పాల దవడ పళ్లు పది పన్నెండేళ్ల వయసు దాకా నోట్లో ఉండవలసినవి. "ఎలాగూ ఊడేవే కదా" అని వాటిని ముందుగానే పీకితే తర్వాత వచ్చే పళ్లకు చోటు చాలదు. ఇలాంటి పళ్లకు ముందే తయారై దొరికే స్టీలు క్యాప్‌లున్నాయి. ల్యాబ్ అవసరం లేదు. స్కాట్లాండ్ దంతవైద్యురాలు నార్నా హాల్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో, దంతమజ్జ దాకా పోని పుచ్చులకు సూది మందు లేకుండా, డ్రిల్ లేకుండా, స్టీలు క్యాప్‌ను సిమెంటుతో పుచ్చు మీద బిగిస్తారు. లోపల చిక్కిన సూక్ష్మజీవులకు చక్కెర అందక పుచ్చు ఆగిపోతుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుండి బడులలో, అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షిస్తున్నారు. వారు వెతికే సమస్యలలో పంటి వ్యాధులూ ఉన్నాయి. పుచ్చు కనిపెట్టి, చీటీ రాసి, చికిత్స లేని ఆస్పత్రికి పంపడం పరీక్ష అనిపించుకోదు. అది జాబితా మాత్రమే.

మీరు చేయవలసినది

దంతవైద్యుడు "క్యాప్ వేయాలి" అన్నప్పుడు మొహమాటపడకుండా నాలుగు ప్రశ్నలు అడగండి. నా పంటి గోడలు ఎన్ని మిగిలాయి, ఎక్స్‌రేలో చూపిస్తారా? ఫిల్లింగ్‌తో సరిపోదా, ఎందుకు? ఈ పంటికి చవకైన మెటల్ క్యాప్ పనికి వస్తుందా? మొదటి రోజు నుండి చివరి రోజు వరకు మొత్తం ఎంత అవుతుంది, ఎన్ని సార్లు రావాలి? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. చిగురు పైన కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను చుట్టూ మిగిలి ఉంటేనే క్యాప్ బాగా నిలుస్తుంది. అది లేనప్పుడు, "ఈ పన్ను మీద డబ్బు పెట్టకండి" అని చెప్పేవాడు మీ మేలు కోరేవాడు. రూట్ కెనాల్ అయిన ముందరి పంటికి గోడలు బాగుంటే చాలాసార్లు ఫిల్లింగే చాలు. రూట్ కెనాల్ అయిన దవడ పంటికి మాత్రం పత్తి అమ్మేదాకా ఆగకండి.

అదే నోటితో మరో ప్రశ్న కూడా అడగండి. ఓట్ల కోసం మీ గడపకు వచ్చిన వారిని, గ్రామసభలో కూర్చున్న అధికారిని అడగండి: "మా జిల్లా ఆస్పత్రిలో పన్ను పీకుతారు సరే, నిలబెడతారా?" గుండెకు చికిత్స కోరడం హక్కని మనం నేర్చుకున్నాము. అన్నం నమిలే పంటికి చికిత్స కోరడమూ హక్కే. అడగడానికి సిగ్గుపడవలసింది మీరు కాదు. పీకడం తప్ప జవాబు లేనివారు.